ఐక్యతకు తొలిమెట్టు పశ్చాత్తాపం

షోలాపూరు నేత కుటుంబాలలో అనేకం తెలంగాణ నుండి తరలివచ్చినవే గనుక, అక్కడి క్రైస్తవ సంఘాల చరిత్ర మనకు పరాయిది కాదు. పాశ్చాత్య మిషనరీలతోపాటు వారి దేశాల చీలికలూ తెలుగునాటికి వచ్చాయి. దోర్నకల్‌లో ఆంగ్లికన్లు, మెదక్‌లో మెథడిస్టులు, రాయలసీమలో లండన్ మిషనువారు ఒకే తెలుగులో ప్రార్థించినా వేర్వేరు సంఘాలుగానే ఉండేవారు.

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. 1919 మే నెలలో ఆయనతో సహా ఆంగ్లికన్, దక్షిణ ఇండియా ఐక్య సంఘాల బోధకులు తరంగంబాడిలో సమావేశమయ్యారు. ప్రార్థించి, చర్చించి, ఈ విభేదాలు తాము కల్పించినవి కావనీ, వాటిని కొనసాగించదలచలేదనీ ప్రకటించారు. 1927లో లొసాన్ మహాసభలో అజరయ్యగారు క్రైస్తవేతర దేశాలలో అట్టి చీలికలు పాపమే అన్నారు. పాపమన్న తరువాత పశ్చాత్తాపపడి విడనాడవలసిందే గదా!

అయినా ఆ మార్గం సుదీర్ఘమైనది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ఐక్య సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా అవతరించాయి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పలువురు వెలుపలే నిలిచి, 1975లో చేరారు. బాప్టిస్టులు, లూథరన్లు నేటికీ వేరుగానే ఉన్నారు. 1970 నవంబరు 29న నాగపూరులో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడింది. మన మహారాష్ట్ర దాని పరిధిలోనిదే.

తెగిన పోగును అతకాలంటే ముందు మగ్గం ఆపాలని మన పేట పిల్లలకు తెలుసు. 28 సంవత్సరాల ఓర్పుతో పోగులు అతికిన ఈ చరిత్ర, మతభేదం లేక మన విద్యార్థులందరూ తెలుసుకోదగినది.