గునుగు పువ్వు

గునుగు (సెలోసియా అర్జెంటియా) తోటకూర కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. తొలకరికి మొలిచి, భాద్రపదం చివరికల్లా నడుమెత్తు పెరుగుతుంది. కంకిలాంటి పువ్వు కొసన లేత గులాబీ రంగు, కింద వెండి తెలుపు. లిన్నేయస్ 1753లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. దీని పుట్టిల్లు ఆఫ్రికానా, భారతదేశమా అన్న విషయంలో వృక్షశాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. పెరళ్లలో పెంచుకునే కోడిజుట్టు పువ్వు దీనికి దగ్గరి చుట్టం.

రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట నుంచి కోరుట్ల, జగిత్యాల దాకా చెల్క భూముల్లో ఇది కలుపు మొక్క. మక్క, పత్తి, కంది చేన్లలో పంటతో పోటీపడి నీరు, ఎరువు లాగేస్తుంది. ఒక్కో మొక్క నల్లగా నిగనిగలాడే సన్నని గింజలను వేలల్లో రాలుస్తుంది. అందుకే ఎంత పీకినా మరుసటి ఏడు మళ్లీ మొలుస్తుంది. ఏడాదంతా కలుపుగా తిట్లు తిన్న ఈ మొక్క కోసం, పూల పండుగ బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస (భాద్రపద అమావాస్య) దగ్గరపడగానే ఊరంతా చేన్లలో వెతుకుతుంది.

బతుకమ్మలో తంగేడుకు పసుపు వన్నె ఉంది, బంతికి నిండుదనం ఉంది. కానీ పేర్చిన పూల వరుసలు గోపురంలా నిలవాలంటే గునుగు ఉండాల్సిందే. దీని పూరేకులు కాగితంలా పొడిగా ఉంటాయి, తొందరగా వాడవు. కాడ గట్టిగా ఉంటుంది. పూలను గుప్పెడు గుప్పెడుగా కట్టలు కట్టి, కాడలు సమంగా కత్తిరించి, కొసలను ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. పువ్వు చాలావరకు తెలుపే కాబట్టి ఏ రంగైనా ఇట్టే పడుతుంది. సిబ్బిలోనో తాంబాలంలోనో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు, గునుగు, కట్ల పూలు వరుసలుగా పేర్చి, శిఖరాన పసుపు గౌరమ్మను నిలుపుతారు. చాలాచోట్ల పూలు తెచ్చేది మగవాళ్లు, పేర్చి ఆడేది ఆడవాళ్లు. తొలిరోజు ఎంగిలిపూల బతుకమ్మ. చివరిది సద్దుల బతుకమ్మ. అది తొమ్మిదో రోజున వస్తుంది. వేములవాడలో మాత్రం ఏడో రోజునే సద్దులు చేసే ఆనవాయితీ ఉంది.

పండుగ పుట్టుక గురించి ఈ ప్రాంతంలో చెప్పుకునే కథ కూడా వేములవాడదే. చోళులు అక్కడి గుడిలోని రాజరాజేశ్వరుని లింగాన్ని తంజావూరుకు తరలించారట. ఒంటరిదైన అమ్మవారిని ఓదార్చడానికి ఇక్కడి ఆడవాళ్లు పూలను కొండలా పేర్చారట. ఇది చరిత్రగా నిలిచే కథ కాదు, ఈ నేల తన పండుగకు చెప్పుకున్న కథ. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పేర్చడంలో అంత భారం మోసే గునుగుకు ఏ బిరుదూ రాలేదు.

గునుగు లేత ఆకును కూరగా వండుతారు, పశువులకూ మేపుతారు. పశ్చిమ ఆఫ్రికాలో, ముఖ్యంగా నైజీరియాలో, దీన్ని ఆకుకూరగా ప్రత్యేకంగా సాగు చేస్తారు. చైనా సంప్రదాయ వైద్యంలో గింజలు కంటి జబ్బులకు మందు. అయితే అవి కంటిపాపను పెద్దది చేస్తాయని గ్లాకోమా ఉన్నవారికి ఇవ్వరు. ఆయుర్వేదంలో దీన్ని శితివారకం అంటారు.

ఆట ముగిశాక చెరువులో వదిలే బతుకమ్మ పూలు నీటిని శుద్ధి చేస్తాయన్న మాట తరచూ వినిపిస్తుంది. మిగతా పూల సంగతి ఎలా ఉన్నా, రసాయన రంగు పూసిన గునుగుకు ఆ మాట వర్తించదు. రంగు అద్దకుండా తెల్లగానే పేర్చినా ఈ పువ్వు అందం తగ్గదు.

కలుపు మందుల వాడకం పెరిగిన చోట చేన్లలో గునుగు పలచబడింది. ఒకప్పుడు ఊరికే కోసుకొచ్చిన పువ్వును ఇప్పుడు పట్టణాల్లో కట్టల లెక్కన కొంటున్నారు. ఏకవార్షిక మొక్క కాబట్టి గింజ రాలితేనే వచ్చే ఏటికి మొలక. గట్టు మీది నాలుగు మొక్కలనైనా మందు కొట్టకుండా, కోయకుండా గింజ రాలేదాకా వదిలేయాలి.