‘ఎటూ చెప్పలేం’ అన్న మాటకూ ఒక లెక్క

కోటవురట్ల వైపు బెల్లం వండే చోట పది మందికి ఒక దిమ్మ చూపించి, రంగు బాగుందా అని అడిగామనుకుందాం. ఆరుగురు బాగుందన్నారు, ముగ్గురు లేదన్నారు, ఒకరు ఎటూ తేల్చలేదు. పాత సమితి గణితంలో ఈ దిమ్మకు చోటు లేదు. ‘మంచి రంగు’ సమితిలో ఉండాలి, లేదంటే బయట ఉండాలి.

1965లో బర్కిలీ ఆచార్యుడు లట్ఫీ జాదే ఫజ్జీ సమితితో ఆ గోడ పడగొట్టాడు. సభ్యత్వం 0, 1 మధ్య ఎంతైనా కావచ్చు. మన దిమ్మకు 0.6. అయితే మిగతా 0.4 మొత్తం ‘కాదు’ ఖాతాలోకే పోయింది, తేల్చని మనిషితో సహా. 1993లో గౌ, బ్యూరర్ తెచ్చిన వేగ్ సమితిలో అవునుకు 0.6, కాదుకు 0.3 విడిగా ఉంటాయి, సందేహానికి 0.1 మిగులుతుంది. నిజానికి బల్గేరియాకు చెందిన అతనసోవ్ 1983లోనే వేరే పేరుతో ఇదే చెప్పాడు. రెండూ ఒకటేనని 1996లో రుజువైంది. మొదటి ఘనత ఆయనకే దక్కాలి.

ఇక సహసంబంధం, అంటే రెండు గుణాలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే కొలత. 1888లో గాల్టన్ మనుషుల ఎత్తుకూ మోచేతి పొడవుకూ పొత్తు వెతికాడు, 1896లో పియర్సన్ సూత్రం కట్టాడు. అవన్నీ టేపుతో కొలిచే వాటికి. ‘మంచి రంగు’, ‘గట్టిదనం’ లాంటి మాటల మధ్య పొత్తును కొలిచే పద్ధతి 1985లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది. మన గణాంకవేత్త సి.ఆర్.రావు 1941లో చేరిన సంస్థే అది. వ్యాసం రాసిన ముగ్గురిలో మొదటి పేరు సి.ఏ.మూర్తిది. ఒంగోలులో 1958లో పుట్టిన మనిషి. తోటివారు శంకర్ కె. పాల్, దత్త మజుందార్. ఈ పని గురించి తెలుగులో ఇంకా ఎంతో చెప్పుకోవాలి.

వారి సూత్రం రెండు సభ్యత్వాల తేడాను వర్గం చేసి, ఒక్కొక్కటి 0.5కు ఎంత ఎడంగా ఉందో దానితో తూస్తుంది. దిమ్మ రంగుకు 0.6, గట్టిదనానికి 0.3 అయితే ఫలితం −0.8. ఒకటి అవును వైపు, మరొకటి కాదు వైపు మొగ్గాయని లెక్కే చెబుతోంది.

1991లో పోలండ్ నుంచి గెర్‌స్టెన్‌కార్న్, మాంకో అతనసోవ్ తరహా అవును, కాదు జంట అంకెలకు సూత్రం ఇచ్చారు. అవునును అవునుతో, కాదును కాదుతో గుణించి కలపాలి, ఆపైన భాగించాలి. రంగు 0.6, 0.3, గట్టిదనం 0.3, 0.6 అనుకోండి. పూర్తిగా తలకిందులైన అభిప్రాయాలు. అయినా జవాబు 0.8! సున్నా కిందికి ఎన్నడూ దిగని సూత్రానికి విరోధం కనబడదు. సందేహానికి చోటిచ్చి, అంతకంటే పెద్ద సంగతిని పోగొట్టుకున్నారనే నా అభిప్రాయం.

2001లో తైవాన్ పరిశోధకుడు హంగ్ దాన్ని సరిదిద్దాడు. అవునుల మధ్య, కాదుల మధ్య వేర్వేరుగా సహసంబంధం కట్టి సగటు తీశాడు. జవాబు మళ్లీ −1 నుంచి 1 దాకా తిరుగుతుంది. అయితే దానికి ఒక్క దిమ్మ చాలదు, చాలా దిమ్మలు చూపించి అడగాలి.