రీఠా నీళ్లలో బుడగ

గుడిబండలో మా నానీ ఇంట్లో జుమా గుసుల్ అంటే రీఠా ఉండాల్సిందే. కుంకుడుకాయలు కొట్టి, గింజలు ఏరి, పెచ్చులు వేడినీళ్లలో నానబెట్టే పని మా ఖాలాది. ఓసారి ఆమె రెండు గాజు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్లో వట్టి నీళ్లు, ఇంకోదాంట్లో వడకట్టిన రీఠా నీళ్లు. బొప్పాయి కాడ నా చేతికిచ్చి "ఫూంక్ రే బేటా" అంది. వట్టి నీళ్లలో పెద్ద బుడగలు గబగబా పైకొచ్చి పగిలిపోయాయి. రీఠా నీళ్లలో చిన్న చిన్నవి నింపాదిగా లేచి, పైన పగలకుండా ఒకదానిమీదొకటి కూర్చున్నాయి.

"ఇవెందుకు ఇంత సుస్తీగా వస్తాయి?" అంది ఖాలా. ఏడో జమాత్‌తోనే ఆమె తాలీమ్ ఆగిపోయింది. సవాల్ కూడా అక్కడే ఆగింది.

ఆ సవాల్‌కు పెద్ద తారీఖే ఉంది, అదీ బావర్చీఖానాలోనే మొదలు. జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అనే అమ్మాయి అంట్లు కడుగుతూ నీటి పైపొర బిగువును గమనించింది. జిడ్డు, సబ్బు తగిలితే ఆ బిగువు ఎంత తగ్గుతుందో ఇంట్లోనే కొలిచింది. ఆడపిల్లలకు అక్కడ యూనివర్సిటీ లేదు. 1891లో లార్డ్ రేలీకి ఖత్ రాస్తే, ఆయన దాన్ని 'నేచర్' పత్రికలో వేయించారు.

1911లో అడమార్, రిబ్చిన్‌స్కీ విడివిడిగా హిసాబ్ వేశారు. బుడగ చర్మం నీటితోపాటు జారుతుంది కాబట్టి, చిన్న బుడగ అదే సైజు, అంతే తేలికైన గట్టి గోళీకన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా లేవాలి. తజ్రుబా చేస్తే మాత్రం చాలాసార్లు గోళీలాగే లేచింది! జవాబ్ 1947లో సోవియట్ శాస్త్రవేత్తలు ఫ్రూమ్కిన్, లెవిచ్ ఇచ్చారు. సబ్బులాంటి అణువులు, మన రీఠాలో అయితే సపోనిన్, బుడగ చర్మానికి పట్టుకుంటాయి. బుడగ లేస్తుంటే నీళ్లు వాటిని తోక వైపు ఊడ్చేస్తాయి. తోక దగ్గర బిగువు తగ్గుతుంది, తల దగ్గర ఎక్కువగానే ఉంటుంది. బిగువున్న తల చర్మాన్ని తనవైపు లాగి పట్టుకోవడంతో జారుడు ఆగుతుంది, నీటి ఒరిపిడి పెరుగుతుంది. ఇందుకు కంటికి కనబడనంత మైల చాలు. పైగా రెండు బుడగలు తాకినా మధ్యనున్న నీటిపొర త్వరగా కారిపోదు. అందుకే అవి కలిసిపోకుండా చిన్నవిగానే మిగులుతాయి.

మొన్న ఫోన్‌లో ఇదంతా చెప్పాను. పోకెల్స్‌కు డెబ్బై ఏళ్ల వయసులో, 1932లో, గౌరవ డాక్టరేట్ ఇచ్చారని కూడా చెప్పాను.

"ఇంట్లో ఉండే పిల్లకు కితాబులెవరు తెచ్చిచ్చారు?" అంది ఖాలా.

"తమ్ముడు. కాలేజీలో ఫిజిక్స్ చదివేవాడట."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఖాలాకూ ఇద్దరు తమ్ముళ్లు. ఇద్దరూ కాలేజీకి వెళ్లినవాళ్లే.