ఏసీఎల్: వేగం చిక్కు నుంచి చోటు చిక్కు దాకా

యాక్సెస్ కంట్రోల్ లిస్ట్ (ఏసీఎల్) అనే ఆలోచన నెట్‌వర్క్‌ది కాదు. 1960ల నాటి మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ ఫైలును ఎవరు చదవచ్చు, ఎవరు మార్చవచ్చు అని రాసుకున్న జాబితా అది. నెట్‌వర్క్‌లో వడపోత మాట తర్వాత వచ్చింది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ ఇంటర్నెట్‌ను కుదిపేసింది. మరుసటి ఏడాదే డీఈసీలో పనిచేస్తున్న జెఫ్రీ మోగుల్, గేట్‌వే దగ్గరే ప్యాకెట్లను వడకట్టే పద్ధతిని వివరిస్తూ పత్రం సమర్పించారు.

సిస్కో రౌటర్లలో ఈ వడపోతకు ఏసీఎలే రోజువారీ పనిముట్టయింది. 1 నుంచి 99 దాకా నంబర్లున్న జాబితాలు పంపినవారి అడ్రసు మాత్రమే చూస్తాయి. 100 నుంచి 199 దాకా ఉన్నవి పోర్టులనూ చూస్తాయి. పైనుంచి కిందికి చదవడం, మొదట కుదిరిన లైనుదే తీర్పు, దేనికీ కుదరని ప్యాకెట్‌కు నిషేధం. ఆ చివరి నిషేధం జాబితాలో ఎక్కడా కనిపించదు. అసలు తంటా అక్కడే. ఖాళీ జాబితాను ఇంటర్‌ఫేస్‌కు తగిలిస్తే ప్యాకెట్లన్నీ ఆటంకం లేకుండా దాటిపోతాయి; మొదటి అనుమతి లైను కొట్టగానే ఆ కనిపించని నిషేధం నిద్రలేచి, దూరం నుంచి కొడుతున్న ఇంజనీరు టెల్నెట్‌నే తెంచేస్తుంది. అందుకే ముందుగా ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టుకోవడం అలవాటైంది: బయట చిక్కుకుపోతే పది నిమిషాల్లో పెట్టె తనంతట తానే రీబూటై, సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది.

అప్పట్లో ప్రాసెసర్ ఒక్కో లైనూ చూసుకుంటూ పోయేది కాబట్టి ఎక్కువ తగిలే లైను పైన ఉండాలి. స్విచ్‌లలోకి టీక్యామ్ అనే చిప్ వచ్చాక ఆ బాధ తీరింది, అది లైన్లన్నీ ఒకేసారి పోల్చేస్తుంది. కానీ అందులో చోటు కొద్ది. పైగా పోర్టుల శ్రేణి దానికి నేరుగా అర్థం కాదు: 1 నుంచి 65534 దాకా అని ఒక్క లైను రాస్తే, లోపల 30 ఎంట్రీలు. పంపే, అందుకునే రెండు వైపుల పోర్టులకూ అలాగే రాస్తే 900! ఈ ఖర్చు తగ్గించే ఏర్పాట్లు కొన్ని చిప్‌లలో ఉన్నా, అవీ పరిమితమే. చోటు నిండితే కొన్ని మోడళ్లు ట్రాఫిక్‌ను సీపీయూ మీద పడేస్తాయి, కొన్ని జాబితానే ఎక్కించుకోవు. లైను చివర ‘లాగ్’ అని చేర్చినా చాలా స్విచ్‌లలో భారం సీపీయూదే.

2003 జనవరి 25న స్లామర్ వార్మ్ విరుచుకుపడినప్పుడు నిర్వాహకులు అది వాడుకున్న యూడీపీ 1434 పోర్టును ఏసీఎల్‌లతో ఎక్కడికక్కడ మూసేశారు. సరైన పనే. అయితే నాటి విండోస్ యంత్రాలు తమ డీఎన్‌ఎస్ ప్రశ్నకు యాదృచ్ఛికంగా అదే పోర్టు వాడుకుంటే జవాబూ ఆగిపోయేది. అలాంటి అత్యవసర లైన్లు తీసేసే ముందు హిట్ కౌంటర్ చూడటం రివాజు. కానీ కొన్ని స్విచ్‌లలో ఆ కౌంటర్ సీపీయూ దాకా వచ్చిన ప్యాకెట్లనే లెక్కిస్తుంది. చిప్‌లోనే ఆగిపోయినవి ఎన్నున్నా సున్నాయే చూపిస్తుంది.