ఆసియా క్రీడల్లో టెన్నిస్: టోక్యో నుంచి హాంగ్‌జౌ దాకా

ఆసియా క్రీడల్లో టెన్నిస్ మొదటిసారి 1958లో టోక్యోలో ఆడారు. 1951లో ఢిల్లీలోను, 1954లో మనీలాలోను జరిగిన తొలి రెండు పోటీల్లో ఆ ఆటకు చోటు లేదు. టోక్యోలో హాకీ, టేబుల్ టెన్నిస్, వాలీబాల్ కొత్తగా వచ్చాయి, వాటితో పాటే టెన్నిసూ వచ్చింది. అప్పటికి ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆగిపోయి 34 ఏళ్లయింది. అమెచ్యూర్ ఆటగాడంటే ఎవరు అన్న విషయంలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి, టెన్నిస్ సమాఖ్యకు పొత్తు కుదరక, 1924 పారిస్ క్రీడల తర్వాత ఆ ఆటను తొలగించారు. అది మళ్లీ పతకాల పోటీగా ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1988లో, సియోల్‌లో. అంటే ఒలింపిక్స్‌లోకి టెన్నిస్ తిరిగి రావడానికి 30 ఏళ్ల ముందే ఆసియా ఖండం తన క్రీడల్లో టెన్నిస్‌కు పతకాలు ఇవ్వడం మొదలుపెట్టింది.

టోక్యోలో పురుషుల సింగిల్స్ స్వర్ణం ఫిలిప్పీన్స్‌కు చెందిన రేముందో దేయ్‌రో గెలిచాడు. మహిళల సింగిల్స్ స్వర్ణం జపాన్ క్రీడాకారిణి సచికో కామోకు దక్కింది. జపాన్‌లో అప్పటికే టెన్నిస్‌కు మంచి పునాది ఉంది. 1955లో కోసెయ్ కామో, అత్సుషి మియాగి జోడీ అమెరికా జాతీయ డబుల్స్ టైటిల్ గెలిచింది. టోక్యో క్రీడలు జరిగిన ఏడాదే, కరుయిజావా టెన్నిస్ కోర్టులో పరిచయమైన అమ్మాయితో యువరాజు అకిహితోకు నిశ్చితార్థం జరిగింది. ఆ తర్వాత జపాన్‌లో రాకెట్ పట్టాలన్న ఉత్సాహం ఇంటింటికీ పాకింది. ఒక ఆట జనంలోకి వెళ్లడానికి పతకాలు ఒక్కటే కారణం కాదని చెప్పడానికి ఈ సంగతి చాలు.

ఆ తొలి దశాబ్దాల్లో భారత్ పేరు టెన్నిస్ పతకాల్లో పెద్దగా కనిపించకపోవడం ఇప్పటివారికి ఆశ్చర్యం కలిగించవచ్చు. ఎందుకంటే ఆసియాలో ఆనాటి అగ్రశ్రేణి ఆటగాడు భారతీయుడే. రామనాథన్ కృష్ణన్ 1960లోను, 1961లోను వింబుల్డన్ సెమీఫైనల్ ఆడాడు. కానీ ఆ తరం ఆటగాళ్లకు దేశం తరఫున ఆడడమంటే ముందుగా డేవిస్ కప్పే. 1966 డిసెంబర్ నెల క్యాలెండర్ చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. బ్యాంకాక్‌లో ఆసియా క్రీడలు ఆ నెల 9న మొదలై 20న ముగిశాయి. అదే నెల మొదటి వారంలో కలకత్తాలో భారత జట్టు బ్రెజిల్‌ను ఓడించి డేవిస్ కప్ ఛాలెంజ్ రౌండ్‌కు చేరింది. 26వ తేదీన మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో తలపడింది. టెన్నిస్‌కు తనదైన క్యాలెండర్ ఒకటి ఉంది. అది ఆసియా క్రీడల కోసం ఆగలేదు. 1958 నుంచి నేటి వరకు ఈ పోటీ చరిత్రనంతటినీ నడిపింది ఈ పెనుగులాటే. క్రీడాకారుడి సొంత జీవిక ఒకవైపు లాగితే, దేశం పేరు మరోవైపు లాగుతుంది. పతకాల జాబితాలో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అన్నది చాలాసార్లు ఆ రెంటిలో ఏది నెగ్గిందన్న దాని మీదే తేలింది.

1970లో టెన్నిస్ పోటీలు జరగలేదు. ఆ క్రీడలు నిర్వహించాల్సిన సియోల్ తప్పుకోవడంతో బ్యాంకాక్ వరుసగా రెండోసారి ఆతిథ్యమిచ్చింది. ఆసారి ఆటల జాబితాలో టెన్నిస్ లేదు. 1958 తర్వాత ఆసియా క్రీడల్లో టెన్నిస్ లేనిది ఆ ఒక్కసారే. 1974లో టెహ్రాన్‌లో ఆట తిరిగి వచ్చింది. చైనా మొదటిసారి ఆసియా క్రీడల్లో పాల్గొన్నదీ అక్కడే. ఆ కాలంలో జపాన్‌కు గట్టి పోటీ ఇచ్చింది ఇండొనేషియా. లానీ కాలిగిస్, లీటా లియెమ్ ఆ దేశ మహిళా టెన్నిస్‌కు పేరు తెచ్చారు. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌లో పురుషుల సింగిల్స్ స్వర్ణం కూడా ఇండొనేషియా ఆటగాడు యుస్తెజో తారిక్‌దే. సొంతగడ్డ మీద ఆడినా టెన్నిస్‌లో భారత్‌కు స్వర్ణం రాలేదు.

1986లో సియోల్ క్రీడలు దక్షిణ కొరియావి. అప్పటికి ఒలింపిక్స్‌లో టెన్నిస్ పునరాగమనం ఖాయమైంది. ఆ ఒలింపిక్స్ జరగబోయేదీ అదే నగరంలో. ఆతిథ్య దేశం సన్నాహం కోర్టులో స్పష్టంగా కనిపించింది. యూ జిన్-సన్ సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్, జట్టు పోటీ అన్నిటా నెగ్గి నాలుగు స్వర్ణాలు సాధించాడు. తర్వాత చైనా వంతు వచ్చింది. పాన్ బింగ్ 1990లో బీజింగ్‌లోను, 1994లో హిరోషిమాలోను పురుషుల సింగిల్స్ గెలిచాడు. హిరోషిమా మహిళల సింగిల్స్ స్వర్ణం జపాన్ తార కిమికో దాతెకు దక్కింది. ప్రపంచ ర్యాంకింగ్స్‌లో పైవరుసలో ఉంటూ సొంత దేశంలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆడి గెలిచిన క్రీడాకారిణి ఆమె.

భారత టెన్నిస్‌కు ఆసియా క్రీడల్లో అసలు కథ మొదలైంది ఆ హిరోషిమాలోనే. 21 ఏళ్ల లియాండర్ పేస్, గౌరవ్ నాటేకర్ జోడీ పురుషుల డబుల్స్ స్వర్ణం గెలిచింది. పురుషుల జట్టు పోటీలోనూ భారత్‌కే స్వర్ణం వచ్చింది. సింగిల్స్‌లో పేస్ కాంస్యం అందుకున్నాడు. ఆసియా క్రీడల టెన్నిస్‌లో భారత్‌కు అవే తొలి స్వర్ణాలు. ఆ ఏడాది అన్ని ఆటల్లో కలిపి భారత్ గెలిచిన స్వర్ణాలు నాలుగే కాగా, అందులో రెండు టెన్నిస్‌వి. ప్రొఫెషనల్ ర్యాంకింగ్స్‌లో పేస్ కన్నా పైన ఉన్న ఆటగాళ్లు ఆసియాలో లేకపోలేదు. కానీ చొక్కా మీద దేశం పేరు ఉన్నప్పుడు అతని ఆట మరో మెట్టు పైకి వెళ్లేది. రెండేళ్ల తర్వాత అట్లాంటా ఒలింపిక్స్‌లో సింగిల్స్ కాంస్యంతో ప్రపంచానికి తెలిసిన ఈ గుణం హిరోషిమాలోనే బయటపడింది.

1998లో బ్యాంకాక్‌లో భారత్‌కు టెన్నిస్ స్వర్ణం రాలేదు. అక్కడ పురుషుల డబుల్స్‌ను థాయిలాండ్ సోదరులు పరదోర్న్, నరథోర్న్ శ్రీచాఫన్ గెలిచారు. 1999లో పేస్, మహేశ్ భూపతి నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల ఫైనల్స్‌కూ చేరి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ నెగ్గారు. తర్వాత వారి దారులు వేరయ్యాయి. ప్రొఫెషనల్ టూర్‌లో వేర్వేరు భాగస్వాములతో ఆడుతున్న ఆ ఇద్దరినీ ఒకే కోర్టులోకి తెచ్చింది దేశం తరఫు ఆటే. 2002లో బుసాన్‌లో కొరియా జోడీని ఓడించి, 2006లో దోహాలో థాయిలాండ్ కవలలు సంచయ్, సొంచత్ రతివతనలను ఓడించి రెండుసార్లు స్వర్ణం గెలిచారు. దోహాలో వారి మధ్య మనస్పర్థ పత్రికలకెక్కింది. జట్టు పోటీలో ఓటమి తర్వాత భూపతి నిబద్ధతను పేస్ బహిరంగంగానే ప్రశ్నించాడు. అలాంటి వాతావరణంలో ఫైనల్లో మొదటి సెట్ కోల్పోయి కూడా పుంజుకుని గెలవడం ఆ జోడీ సాధించిన విజయాల్లో చిన్నదేమీ కాదు.

తెలుగువారికి ఈ పోటీతో దగ్గరి బంధం బుసాన్‌లో మొదలైంది. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా 15 ఏళ్ల వయసులో పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు సాధించింది. దోహా వెళ్లేసరికి ఆమె ఆసియా మేటి క్రీడాకారిణుల్లో ఒకరు. అక్కడ సింగిల్స్ సెమీఫైనల్లో చైనాకు చెందిన లీ నాను ఓడించింది. అయిదేళ్ల తర్వాత ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి ఆసియా క్రీడాకారిణి అయింది ఈ లీ నానే. ఫైనల్లో మాత్రం సానియా మరో చైనా క్రీడాకారిణి ఝెంగ్ జీ చేతిలో మూడు సెట్లలో ఓడిపోయింది. పేస్‌తో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సింగిల్స్ రజతం, జట్టు రజతం కలిపి ఒక్క దోహాలోనే మూడు పతకాలు తెచ్చింది. 2010 గాంగ్‌జౌలో సింగిల్స్ కాంస్యం, హైదరాబాద్ ఆటగాడు విష్ణువర్ధన్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ రజతం గెలిచింది. 2014తో కలిపి ఆసియా క్రీడల్లో ఆమె పతకాలు ఎనిమిది.

గాంగ్‌జౌలో పతాక శీర్షికలకెక్కింది సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్. నెల రోజుల ముందే ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచి వచ్చాడు. ఆ క్రీడల్లో టెన్నిస్ పెట్టింది ఆ ఒక్కసారే. గాంగ్‌జౌ ఫైనల్లో ఉజ్బెకిస్థాన్ ఆటగాడు డెనిస్ ఇస్తోమిన్‌ను 6-1, 6-2తో చిత్తు చేశాడు. సనమ్ సింగ్‌తో కలిసి డబుల్స్ స్వర్ణమూ సాధించాడు. ఆసియా క్రీడల పురుషుల సింగిల్స్‌లో భారత్‌కు ఇప్పటివరకు ఉన్న స్వర్ణం అదొక్కటే. డబుల్స్ దేశంగా పేరుపడిన భారత్‌కు ఈ సింగిల్స్ విజయం ఎంత అరుదైనదో తగినంతగా గుర్తించలేదనే చెప్పాలి.

2014 ఇంచియాన్ నాటికి పాత పెనుగులాట మరింత పదునెక్కింది. ఆసియా క్రీడల్లో గెలిస్తే ప్రొఫెషనల్ ర్యాంకింగ్ పాయింట్లు రావు. పైగా ఇంచియాన్ క్రీడలు జరిగిన సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే ఆసియాలో పెద్ద టోర్నీలు వరుసగా ఉంటాయి. పేస్, రోహన్ బోపన్న, సోమ్‌దేవ్ ఇంచియాన్‌కు వెళ్లలేదు. సానియా కూడా మొదట వెళ్లనన్నది, తర్వాత మనసు మార్చుకుంది. టోక్యోలో కారా బ్లాక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచి, అటునుంచి ఇంచియాన్ చేరింది. ఆంధ్రప్రదేశ్ ఆటగాడు సాకేత్ మైనేనితో జతకట్టి, ఫైనల్లో చైనీస్ తైపీ జోడీపై 6-4, 6-3తో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. ఇద్దరు తెలుగు ఆటగాళ్లు కలిసి ఆసియా క్రీడల స్వర్ణం అందుకున్న సందర్భం అది. మహిళల డబుల్స్‌లో ప్రార్థన తొంబరేతో సానియాకు కాంస్యం కూడా వచ్చింది.

అదే ఇంచియాన్‌లో పురుషుల డబుల్స్ ఫైనల్ ఆడిన సాకేత్, సనమ్ సింగ్ జోడీ కొరియాకు చెందిన లిమ్ యోంగ్-క్యు, చుంగ్ హ్యోన్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకుంది. ఆ ఫైనల్లో కొరియా కుర్రాళ్లకు స్వర్ణం అంటే పతకం ఒక్కటే కాదు. దక్షిణ కొరియాలో యువకులందరికీ సైనిక సేవ తప్పనిసరి. ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినవారికి దాన్నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఏడాదంతా టూర్‌లో తిరగాల్సిన టెన్నిస్ ఆటగాడికి దాదాపు రెండేళ్లు కోర్టుకు దూరమైతే ర్యాంకింగ్ మొత్తం పోతుంది. చుంగ్‌కు ఆ మినహాయింపు దక్కింది. 2018 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నొవాక్ జొకోవిచ్‌ను ఓడించి అతడు సెమీఫైనల్ చేరాడు. ఆసియా క్రీడల టెన్నిస్‌ను కొరియా ఎంత తీవ్రంగా తీసుకుంటుందో అర్థం కావాలంటే ఈ నిబంధన తెలిసి ఉండాలి.

2018లో టెన్నిస్ పోటీలు ఇండొనేషియాలోని పాలెంబాంగ్‌లో జరిగాయి. పురుషుల, మహిళల జట్టు పోటీలు తొలగించడంతో పతకాంశాలు ఏడు నుంచి అయిదుకు తగ్గాయి. డబుల్స్‌లో తగిన జోడీదారు దొరకలేదన్న కారణంతో పేస్ చివరి నిమిషంలో తప్పుకున్నాడు. బోపన్న, దివిజ్ శరణ్ జోడీ కజకిస్థాన్ ఆటగాళ్లను ఓడించి డబుల్స్ స్వర్ణం తెచ్చింది. అంకిత రైనా, ప్రజ్ఞేశ్ గుణేశ్వరన్ సింగిల్స్ కాంస్యాలు గెలిచారు. ఎనిమిదేళ్ల కిందట సోమ్‌దేవ్ చేతిలో ఓడిన ఇస్తోమిన్ ఈసారి పురుషుల సింగిల్స్ విజేత. మహిళల సింగిల్స్‌ను చైనాకు చెందిన వాంగ్ చియాంగ్ వరుసగా రెండోసారి గెలిచింది. పుట్టుకతోనే వినికిడి లేని కొరియా ఆటగాడు లీ డక్-హీ కాంస్యం అందుకున్నాడు. బంతి రాకెట్‌కు తగిలే చప్పుడు వినకుండా, ఎదుటివారి కదలికను కంటితో మాత్రమే పసిగడుతూ ఈ స్థాయికి రావడం ఏ కొలమానంతో చూసినా గొప్పే.

పాలెంబాంగ్ నుంచి ఆసియా క్రీడలకు కొత్త ఆకర్షణ ఒకటి తోడైంది. సింగిల్స్ స్వర్ణం గెలిచినవారికి తర్వాతి ఒలింపిక్స్‌లో ఆడే అవకాశం కల్పించారు. ర్యాంకింగ్ పాయింట్లు లేని లోటును ఇది కొంత తీర్చింది. కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యంగా 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల్లో ఆ రెండు స్వర్ణాలూ ఆతిథ్య చైనాకే దక్కాయి. పురుషుల్లో ఝాంగ్ ఝిఝెన్, మహిళల్లో ఝెంగ్ చిన్‌వెన్ విజేతలు.

భారత్‌కు హాంగ్‌జౌ మొదట నిరాశే మిగిల్చింది. స్వర్ణానికి గట్టి పోటీదారులనుకున్న బోపన్న, యుకీ భాంబ్రి జోడీ తొలి మ్యాచ్‌లు దాటకుండానే ఉజ్బెకిస్థాన్ జోడీ చేతిలో ఓడింది. సాకేత్, రామ్‌కుమార్ రామనాథన్ ఫైనల్ దాకా వెళ్లి చైనీస్ తైపీ ఆటగాళ్లకు 4-6, 4-6తో తలవంచారు. సాకేత్‌కు ఇది ఆసియా క్రీడల్లో మూడో పతకం. మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్లో 43 ఏళ్ల బోపన్న, రుతుజా భోసలే మొదటి సెట్ 2-6తో పోగొట్టుకున్నారు. రెండో సెట్ 6-3తో అందుకుని, నిర్ణాయక టైబ్రేక్‌ను 10-4తో ముగించి స్వర్ణం గెలిచారు. ఆసియా క్రీడల టెన్నిస్‌లో భారత్‌కు ఇది పదో స్వర్ణం. నాలుగు నెలలు తిరక్కుండానే బోపన్న ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచి, డబుల్స్ ర్యాంకింగ్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఝెంగ్ చిన్‌వెన్ మహిళల సింగిల్స్ స్వర్ణం గెలిచింది. ఒలింపిక్ టెన్నిస్ సింగిల్స్‌లో ఆసియాకు వచ్చిన మొదటి స్వర్ణం అది.