గుండె ఆగితే... తొలి నిమిషాలే కీలకం

ఫిల్మ్‌నగర్‌: ఇక్కడి ఫిలిం ఛాంబర్‌ ఆవరణ 2023 ఫిబ్రవరి 20న సినీ ప్రముఖులతో, అభిమానులతో కిక్కిరిసింది. నటుడు నందమూరి తారకరత్న భౌతికకాయాన్ని ఆ రోజు అక్కడ సందర్శనార్థం ఉంచారు. అనంతరం జూబ్లీహిల్స్‌ మహాప్రస్థానంలో అంత్యక్రియలు నిర్వహించారు. ఆయన నలభయ్యో ఏటిని కూడా పూర్తి చేయలేదు. అంతకు ముందు జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో పాల్గొంటూ ఆయన కుప్పకూలారు. గుండె ఆగిపోగా సుమారు 45 నిమిషాల పాటు పునరుజ్జీవన చికిత్స చేసి, తిరిగి స్పందింపజేశారు. అనంతరం బెంగళూరులోని నారాయణ హృదయాలయకు తరలించారు. ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఆగిన గుండె మళ్లీ కొట్టుకున్నా మనిషి దక్కకపోవడం ఎలా జరుగుతుందన్నది నాడు చాలామందిని వేధించిన ప్రశ్న.

రక్తప్రసరణ నిలిచిన నాలుగైదు నిమిషాలకే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. గుండెను తరువాత నడిపించినా ఆ నష్టం పూడకపోవచ్చు. కనుక ఈ చికిత్సకు అసలు లక్ష్యం మెదడును కాపాడటమే.

గుండెపోటు వేరు, ఇది వేరు

వాడుకలో రెండింటినీ గుండెపోటు అనే అంటున్నారు. గుండె కండరానికి రక్తం అందించే నాళం మూసుకుపోతే గుండెపోటు. రోగికి స్పృహ ఉంటుంది, ఛాతీ నొప్పి చెబుతాడు, చెమటలు పడతాయి. గుండె పంపుచేయడం పూర్తిగా నిలిచిపోతే కార్డియాక్‌ అరెస్ట్‌. క్షణాల్లో స్పృహ పోతుంది. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు. లయ తప్పి గుండె వణికిపోవడం, రక్తంలో పొటాషియం హెచ్చుతగ్గులు, ఊపిరితిత్తుల నాళాల్లో రక్తపు గడ్డ, విద్యుదాఘాతం, నీట మునగడం కూడా కారణాలే.

మనిషి పడిపోగానే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం మన వీధుల్లో నేటికీ కనిపిస్తుంది. మొదటిది పనికిరాదు, రెండోది ప్రమాదకరం. భుజాలు తట్టి పిలవాలి. పలకకపోతే, శ్వాస మామూలుగా లేకపోతే గుండె ఆగినట్లే భావించాలి. ఇక్కడ ఒక పొరపాటు ప్రాణం తీస్తోంది. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరికి ఎగశ్వాస వస్తుంది. నోరు తెరిచి ఆగి ఆగి గురకలా పీలుస్తారు. ‘ఊపిరి ఉంది కదా’ అని చుట్టూ ఉన్నవారు ఊరుకుంటారు. అది శ్వాస కాదు, వెంటనే ఛాతీ నొక్కడం ప్రారంభించాలి.

నొక్కడం ఎలా?

108కు ఫోన్‌ చేసి, స్పీకర్‌లో ఉంచాలి. రోగిని గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టాలి. రొమ్ము ఎముక కింది సగంపై, ఛాతీ మధ్యన ఒక అరచేతి మడమను ఆనించి, దానిపై రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా శరీర భారంతో నొక్కాలి. ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 మించకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వడం ముఖ్యం, అప్పుడే గుండెలోకి రక్తం చేరుతుంది. శిక్షణ ఉన్నవారు 30 సార్లు నొక్కి 2 సార్లు నోటి ద్వారా శ్వాస ఇవ్వాలి. రానివారు ఆపకుండా నొక్కుతూ ఉంటే చాలు. రెండు నిమిషాలకే చేతులు అలసిపోతాయి, ఒత్తిడి తగ్గుతుంది. పక్కన మరొకరు ఉంటే మారాలి. పక్కటెముక విరుగుతుందేమోనని జంకరాదు. నిజానికి విరగవచ్చు కూడా, కానీ విరిగిన ఎముక అతుక్కుంటుంది.

చేతులతో ఛాతీ నొక్కే ఈ పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్‌ హాప్‌కిన్స్‌ పరిశోధకులు వైద్యలోకానికి వెల్లడించారు. అంతకు ముందు ఛాతీ కోసి గుండెను పిసికేవారు.

విద్యుత్‌ షాక్‌తోనే...

గుండె లయ తప్పి వణుకుతున్నప్పుడు దానిని సరిచేసేది విద్యుత్‌ షాక్‌. ఛాతీ నొక్కకుండా షాక్‌ ఆలస్యమైన కొద్దీ ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఏఈడీ అనే చిన్న యంత్రం లయను తానే పరీక్షించి, షాక్‌ అవసరమో కాదో తానే చెబుతుంది. వైద్యుడు కానవసరం లేదు. గుండె పూర్తిగా నిశ్చలమైతే షాక్‌ పనిచేయదు, సినిమాల్లో ఎన్నిసార్లు చూపించినా సరే.

జూబ్లీహిల్స్‌లో 1988 నుంచే అపోలో వంటి పెద్ద ఆసుపత్రి ఉంది. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 సేవ ఉంది. అయినా చెక్‌పోస్టు వద్ద సాయంత్రం చిక్కుకునే వాహనదారులకు అయిదు నిమిషాలంటే ఎంతో తెలుసు. ఆ వ్యవధిని పూరించాల్సింది కేబీఆర్‌ పార్కులో పక్కన నడుస్తున్నవారు, జిమ్‌లో శిక్షకుడు, షూటింగ్‌లో లైట్‌మన్‌. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్‌ వద్ద కుప్పకూలిన వ్యక్తిని సీపీఆర్‌ చేసి బతికించింది ఒక ట్రాఫిక్‌ కానిస్టేబుల్‌. ఆ తరువాతి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్‌ శిక్షణ కార్యక్రమాన్ని చేపట్టింది. వందలాది మంది పనిచేసే స్టూడియోల్లో, మెట్లెక్కి వచ్చే భక్తులున్న ఆలయాల్లో ఏఈడీ ఉంచడం నిర్వాహకులకు మోయలేని భారమేమీ కాదు.

ఆసుపత్రిలో

వైద్యులు చేరాక కూడా ఛాతీ నొక్కడం ఆగదు. ప్రతి 3 నుంచి 5 నిమిషాలకు 1 మిల్లీగ్రాము అడ్రినలిన్‌ సిరలోకి ఇస్తారు. మూడు షాక్‌లకూ లొంగని లయకు 300 మిల్లీగ్రాముల అమియోడరోన్‌ వాడతారు. రోగి వదిలే గాలిలోని బొగ్గుపులుసు వాయువు పరిమాణాన్ని బట్టి ఒత్తిడి సరిపోతున్నదీ లేనిదీ గ్రహిస్తారు. మరోవైపు మూలకారణాన్ని వెతుకుతారు.

గుండె తిరిగి కొట్టుకున్నాక రోగిని ఐసీయూలో ఉంచి రక్తపోటును నిలబెడతారు, జ్వరం రానివ్వరు, అవసరమైతే మూసుకుపోయిన నాళాన్ని తెరుస్తారు. కళ్లు తెరవలేదని బంధువులు మొదటి రోజే ఆశ వదులుకోరాదు. మత్తుమందుల ప్రభావం తొలగి, కనీసం 72 గంటలు గడిచాకే, అదీ ఒక్క పరీక్షతో కాక పలు పరీక్షలను కలిపి చూసి మెదడు స్థితిపై వైద్యులు అంచనాకు వస్తారు.