టీవీ ప్రసారాలకు వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ అంతరాయం, నివారణ (బాన్సువాడ)

కామారెడ్డి జిల్లా బాన్సువాడలో టీవీ బొమ్మ ఇంటికి చేరే దారులు ప్రధానంగా రెండు: కేబుల్, డాబా మీది డీటీహెచ్ డిష్. మొబైల్ ఇంటర్నెట్ తరంగాల తాకిడి రెంటికీ ఉంటుంది. తగిలే చోటు మాత్రం వేరు, మందూ వేరు.

పెద్ద చిక్కు సీ-బ్యాండ్‌ది. కేబుల్ ఆపరేటరు ప్రసారాలు అందుకునే కేంద్రమైన హెడ్‌ఎండ్‌లోని పెద్ద డిష్‌లు 3700-4200 మెగాహెర్ట్జ్ మధ్య ఉపగ్రహ ప్రసారాలను అందుకుంటాయి. 2022 వేలంలో కేంద్రం 5జీకి ఇచ్చిన 3300-3670 మెగాహెర్ట్జ్ దాని పక్క మడే. నడుమ వదిలిన గట్టు 30 మెగాహెర్ట్జ్. కాగితం మీద అది చాలు. అయితే 3400 నుంచే అందుకునేలా తయారైన ఎల్‌ఎన్‌బీలు (డిష్ ముందు ఉండి సంకేతాన్ని అందుకుని పెంచే భాగాలు) పాత డిష్‌లకు ఇంకా ఉన్నాయి. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సంకేతం ఎక్కడ, పక్క వీధి టవర్ ఎక్కడ? టవర్ ధాటికి ఎల్‌ఎన్‌బీలోని యాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. అప్పుడు 5జీకి దూరంగా ఉన్న ఛానళ్ళు సైతం గడులు గడులుగా పగిలి ఆగిపోతాయి. అందుకే, కావలసిన తరంగాలనే వదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టరును ఫీడ్‌హార్న్‌కూ (డిష్ పోగుచేసిన తరంగాలు పట్టే కొమ్ము) ఎల్‌ఎన్‌బీకీ మధ్యనే బిగించాలి. ఎల్‌ఎన్‌బీ దాటాక వైరులో పెడితే డబ్బు దండగ. టవరే తన హద్దు దాటి చిందిస్తుంటే ఈ ఫిల్టరూ ఆపలేదు. దాన్ని సరిచేయాల్సింది టెలికం కంపెనీ.

దక్షిణాది ఛానళ్ళు ఎన్నిటినో మోసే 66 డిగ్రీల తూర్పు ఉపగ్రహ స్థానం బాన్సువాడకు నైరుతి దిక్కున, సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఇంత నిటారుగా చూసే డిష్‌కు టవర్ సూటిగా ఎదురుపడటం అరుదు, అదొక అదృష్టం. డిష్‌ను టవర్ కనబడని గోడ చాటుకు మార్చినా తాకిడి చాలావరకు తగ్గుతుంది. పెద్ద ఎంఎస్ఓ (స్థానిక ఆపరేటర్లకు ప్రసారాలు అందించే కేబుల్ సంస్థ) నుంచి ఫైబర్ మీద ప్రసారం తీసుకునే ఆపరేటరుకు ఈ బెడద ఊళ్ళో ఉండదు; డిష్ ఎక్కడుంటే అక్కడే.

డీటీహెచ్ వాడే కేయూ-బ్యాండ్ ఈ 5జీ బ్యాండ్‌కు చాలా ఎగువన ఉంది. కానీ ఎల్‌ఎన్‌బీ నుంచి సెట్‌టాప్ బాక్సు దాకా వైరులో నడిచేది 950-2150 మెగాహెర్ట్జ్. 4జీ వాడే 1800, 2100 బ్యాండ్‌లు అందులోకే వస్తాయి. కేబుల్ టీవీ వైరు 862 మెగాహెర్ట్జ్ దాకా మోస్తుంది గనుక దానికి 700, 850 బ్యాండ్‌ల బెడద. వైరు పైతొడుగు బాగుంటే ఇవేవీ లోపలికి రావు. తుప్పు పట్టిన కనెక్టరు, చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఉంటే వస్తాయి. ఇళ్ళలో ముందు అనుమానించాల్సింది టవర్‌ను కాదు, వీటినే.

బ్రిటన్‌లో 800 మెగాహెర్ట్జ్ 4జీ వచ్చినప్పుడు మొబైల్ కంపెనీల సొమ్ముతోనే ఏర్పడిన ఎట్800 సంస్థ ఇళ్ళకు ఉచితంగా ఫిల్టర్లు పంచింది. ఫిల్టర్ల ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు అదే న్యాయమైన జవాబు.

కనెక్టర్లు మార్చి, ఫిల్టరు బిగించాక కూడా అంతరాయం పోకపోతే, అది వచ్చే వేళలు, పోయే ఛానళ్ళు రాసిపెట్టుకుని కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ మానిటరింగ్ విభాగానికి ఫిర్యాదు చేయాలి.